ట్యాంక్‌బండ్ ఎవరిది? ఒక చెరువు కట్ట మీద నాలుగున్నర శతాబ్దాల పేచీ

హైదరాబాద్ సిటీ పేజీలు చదివే అలవాటు ఉన్నవాళ్లకు ఒక రకం వార్త బాగా పరిచయం. 'ట్యాంక్‌బండ్ అంబేద్కర్ విగ్రహానికి వినతిపత్రం.' జీతాలు అందని కాంట్రాక్టు ఉద్యోగులో, నోటిఫికేషన్ కోసం చూసి చూసి విసిగిన నిరుద్యోగులో, అసెంబ్లీలోంచి బయటికి వచ్చిన ప్రతిపక్ష ఎమ్మెల్యేలో లిబర్టీ వైపు చివర ఉన్న ఆ విగ్రహం దగ్గరికి వస్తారు. మెడలో దండ వేస్తారు. డిమాండ్లు రాసుకొచ్చిన కాగితాన్ని పాదాల దగ్గర పెడతారు. నాలుగు నినాదాలు, రెండు ఫొటోలు అయ్యేసరికి పోలీసు వ్యాను వచ్చి ఆగుతుంది.

కొత్తవాళ్లకు ఇది వింతగా అనిపించవచ్చు. విగ్రహానికి అర్జీ ఏమిటి? నగరంలో ఉండేవాళ్లకు మాత్రం విడమరిచి చెప్పక్కర్లేదు. వినాల్సిన సచివాలయం అక్కడికి కూతవేటు దూరంలోనే ఉంది. లోపలికి పోనివ్వరు కాబట్టి బయట నిలబడ్డ పెద్దాయనతో చెప్పుకున్నారు. ఆ కాగితాన్ని ఎవరూ చదవరని ఇచ్చినవాళ్లకూ తెలుసు. అయినా మర్నాడు పేపర్లో పడుతుంది. అలా పడాలంటే ఆ చోటే కావాలి. అదే కంచు విగ్రహం శివార్లలో ఏ కాలనీ మలుపులోనో ఉంటే ఎవరూ కెమెరా పట్టుకుని రారు.

ఒక చోటుకు అంత బలం ఎలా వచ్చింది? మట్టి పోసి, రాయి పేర్చితే చెరువు కట్ట తయారవుతుంది. దాని మీద నిలబడటానికి జనం, ప్రభుత్వాలు, పార్టీలు, దేవుళ్లు సైతం పోటీ పడే స్థితి రావాలంటే చాలా కథ నడవాలి. హుస్సేన్ సాగర్ చెరువు కట్ట అయిన ఈ ట్యాంక్‌బండ్ విషయంలో ఆ కథ దాదాపు 460 ఏళ్లుగా నడుస్తోంది.

ముందు పేరు సంగతి. ట్యాంక్‌బండ్ అంటే అచ్చమైన ఇంగ్లిషు మాట అనుకుంటాం. 'బండ్' అనేది పారసీ 'బంద్' నుంచి ఇంగ్లిషులోకి వెళ్లిన మాట, అడ్డుకట్ట అని అర్థం. మనవాళ్ల మాట కట్ట. రోడ్డు పేరులోంచి కట్ట ఎప్పుడో జారిపోయింది గానీ అమ్మవారి పేరులో నిలిచిపోయింది. లోయర్ ట్యాంక్‌బండ్‌లో ఉన్న గుడి కట్ట మైసమ్మది. తెలంగాణలో ఏ పెద్ద చెరువు దగ్గరికి వెళ్లినా కట్ట మీదనో కట్ట వారననో ఒక రాయి, దానికి పసుపు కుంకుమలు, పక్కన వేప చెట్టు కనిపిస్తాయి. కట్ట తెగకుండా కాపలా కాసేది మైసమ్మే. అలుగు పారిన ఏడు ఆమెకు మొక్కు చెల్లించాలి. చుట్టూ ఎన్ని ఫ్లైఓవర్లు, హోటళ్లు లేచినా ఆషాఢ బోనాలప్పుడు లోయర్ ట్యాంక్‌బండ్‌లో డప్పు మోగుతుంది. ఆ డప్పు చప్పుడులో ఇది ఇంకా చెరువు కట్టే.

చెరువు అంటే నీళ్లు నిలిచే గుంట ఒక్కటే అనుకుంటే సగమే తెలిసినట్టు. కట్ట, తూము, అలుగు (తెలంగాణలో మత్తడి అనడమూ ఉంది), కింద ఆయకట్టు, నీళ్లు వెనక్కి పోయినప్పుడు బయటపడే శిఖం భూమి, వీటిలో ప్రతిదానికీ ఒక హక్కు, ఒక మనిషి ఉండేవారు. తూము తీసి మడికి నీళ్లు వదిలేది నీరటి. శిఖంలో ఎవరు దున్నుకోవాలో ఊరి పెద్దలు తేల్చేవారు. బట్టలుతికే రేవు వేరు, పశువులను కడిగే చోటు వేరు, తాగునీళ్లు ముంచుకునే చోటు వేరు. చెరువు ఊరందరిదీ అంటారు గానీ ఏ రేవులో ఎవరు దిగాలో, ఎవరు దిగకూడదో చెప్పే బోర్డు ఎక్కడా లేకుండానే అందరికీ తెలుసు. ఆ గీత దాటితే ఏమవుతుందో కారంచేడు చూపించింది. 1985 జులైలో ఆరుగురు దళితుల హత్యతో ముగిసిన ఆ గొడవ మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. ఆ దశాబ్దంలోనే రాజధానిలో మరో చెరువు కట్ట మీద తెలుగు జాతి ఆత్మగౌరవానికి విగ్రహాలు లేస్తున్నాయి. ఈ రెండూ ఒకే రాష్ట్రంలో, ఒకే కాలంలో జరిగాయని గుర్తుపెట్టుకుంటే ట్యాంక్‌బండ్‌ను చూసే చూపు కాస్త మారుతుంది.

హుస్సేన్ సాగర్‌ను 1560ల్లో, గోల్కొండను ఇబ్రహీం కులీ కుతుబ్ షా ఏలుతున్నప్పుడు తవ్వించారు. అప్పటికి హైదరాబాద్ లేదు. చార్మినార్ చుట్టూ నగరం వెలిసింది 1591లో, అంటే కట్ట పడిన ముప్పై ఏళ్లకు. చెరువు పని దగ్గరుండి చూసుకున్నది హుస్సేన్ షా వలీ అనే సూఫీ. ఆ పేరు వెనక జనం చెప్పుకునే కథ ఒకటుంది. పని పూర్తయ్యాక రాజు తన పేరు పెట్టాలనుకున్నాడట. జనం అప్పటికే హుస్సేన్ సాబ్ చెరువు అనేస్తున్నారు. ఫర్మానాతో నోళ్లు మూయించడం కుదరదని రాజుకు అర్థమై, ఊరికి దూరంగా మరో చెరువు తవ్వించి దానికి ఇబ్రహీంపట్నం అని పేరు పెట్టుకున్నాడట. నిజంగా ఇలాగే జరిగిందో లేదో గానీ కథ మాత్రం ఇన్ని తరాలు బతికింది. దానికి కారణం ఉంది. చోటుకు పేరు పెట్టే అధికారం ఎవరిది అన్న పేచీలో జనం గెలిచిన కథ ఇది. గెలిచినవాళ్లు మళ్లీ మళ్లీ చెప్పుకోవడం సహజమే.

తర్వాతి మలుపులో ఈ చెరువు రెండు రాజ్యాల మధ్య హద్దులా మారింది. 1798 ఒప్పందంతో ఇంగ్లిషు సైన్యం చెరువుకు ఉత్తరాన దిగింది. 1806లో ఆ దండుకు మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు వచ్చింది. కట్టకు ఇటు నిజాం పాలన, అటు దొరల కంటోన్మెంట్. ఇటు షేర్వానీ, అటు బ్యాండు మేళం. రెండింటినీ కలిపే దారి ఈ కట్టే. సికింద్రాబాద్‌ను పాతకాలం వాళ్లు ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. లష్కర్ అంటే సైనికుల దండు. ఆ దండు పోయి ఎన్నేళ్లయినా మహంకాళి జాతరకు లష్కర్ బోనాలన్న పేరు పోలేదు. సైన్యం దిగిన చోటును అమ్మవారు తన పండుగలో దాచిపెట్టడం విచిత్రమే. 'జంట నగరాలు' అన్న మాట అలవాటైపోయి మనం పట్టించుకోం గానీ, ఆ జంటను విడదీసిందీ కలిపిందీ ఈ నీళ్లే.

1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాక హుస్సేన్ సాగర్ తాగునీటి బాధ్యత నుంచి తప్పుకుంది. పని లేని చెరువు మెల్లగా చూసే చెరువైంది. కట్ట మీద సాయంత్రం గాలికి తిరగడం, కారు ఆపి నీళ్లకేసి చూడడం, బంధువులొస్తే తీసుకొచ్చి చూపించడం, ఇవన్నీ ఆ తర్వాతి అలవాట్లు. తాగే నీళ్లున్న చోట రేవు గొడవలుంటాయి. చూసే నీళ్లున్న చోట ఏది చూపించాలి అన్న గొడవ మొదలవుతుంది. దానికి అసలైన సమాధానం చెప్పాలనుకున్నది ఎన్టీ రామారావు.

1983 జనవరిలో ముఖ్యమంత్రి అయిన రామారావుకు ఒక ఊహ ఉంది. ఢిల్లీ ముందు తలవంచని తెలుగు జాతి, దానికో చరిత్ర, ఆ చరిత్రను నడిచి చూడగలిగే ఒక వీధి. సినిమా తెలిసిన మనిషి కాబట్టి ఊహను సెట్ వేసి చూపించడం ఆయనకు చేతనైన పని. ట్యాంక్‌బండ్‌ను వెడల్పు చేయించి, చెరువు పక్కన వరుసగా 33 కంచు విగ్రహాలు నిలబెట్టించారు. నన్నయ, తిక్కన, ఎర్రన, పోతన, మొల్ల, వేమన, అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు, త్యాగయ్య, కృష్ణదేవరాయలు, రుద్రమదేవి, పలనాటి బ్రహ్మనాయుడు, సిద్ధేంద్ర యోగి, కందుకూరి, గురజాడ, జాషువా, శ్రీశ్రీ. కట్ట మొదటి నుంచి చివరికి నడిస్తే తెలుగు వాచకం పేజీలు తిరగేసినట్టే.

ఈ జాబితాను నిదానంగా చదవాలి. ఎవరున్నారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. గోల్కొండ ఆఖరి సుల్తాను తానీషా ఉన్నాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఉన్నాడు. ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నాడు. గోదావరికి ఆనకట్ట కట్టిన ఇంగ్లిషువాడు ఆర్థర్ కాటన్ కూడా ఉన్నాడు. కాబట్టి ఆ ఊహలోని తెలుగుతనం ఇరుకుదని తేలిగ్గా అనలేం. ఎవరు లేరో చూస్తే మాత్రం మరో సంగతి తెలుస్తుంది. భూమి కోసం దొరతో తలపడ్డ చాకలి ఐలమ్మ లేదు. జోడేఘాట్ కొండల్లో నిజాం పోలీసుల తూటాలకు చనిపోయిన కొమురం భీమ్ లేడు. ఆడవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు గానీ, తెలంగాణ తనను తాను ఏ కథల్లో చూసుకుంటుందో ఆ కథల మనుషులు తక్కువ. తెలుగు జాతి అన్న మాటను గోదావరి, కృష్ణా డెల్టాల్లో కూర్చుని ఊహించుకుంటే అది ఎలా కనిపిస్తుందో ఆ వరుస అలా ఉంది. ఎవరో దురుద్దేశంతో చేశారనక్కర్లేదు. మనకు మన ఇల్లే ఊరి మధ్యలో ఉన్నట్టు కనిపిస్తుంది, అంతే.

ఆ వరుసకు కిరీటం బుద్ధుడు. అమెరికాలో స్వేచ్ఛా ప్రతిమను చూసి వచ్చాక రామారావుకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. భువనగిరి దగ్గర రాయగిరిలో ఒకే రాతిలో గణపతి స్థపతి ఆధ్వర్యంలో చెక్కారు. ఎత్తు 58 అడుగులు, బరువు సుమారు 350 టన్నులు. 192 చక్రాల బండి మీద నగరానికి తెచ్చారు. తర్వాత 1989 ఎన్నికల్లో రామారావు ఓడిపోయారు. 1990 మార్చి 10న పడవ మీద చెరువు మధ్యకు తీసుకెళ్తుండగా ఒరిగి, విగ్రహం నీళ్లలో పడిపోయింది. దాంతో పాటు పనివాళ్లూ మునిగి చనిపోయారు. రెండేళ్లకు పైగా బుద్ధుడు చెరువు అడుగున పడుకున్నాడు. 1992 డిసెంబరు 1న పైకి తీసి, చెరువు మధ్యలోని జిబ్రాల్టర్ రాక్ మీద నిలబెట్టారు. పేరు ఇంగ్లిషు దొరలది, దేవుడు అమరావతి, నాగార్జునకొండల గుర్తు, రాయి తెలంగాణది. పోస్టు కార్డు మీద ఇవేవీ కనపడవు. 'హైదరాబాద్' అని మాత్రం ఉంటుంది.

బుద్ధుడు మునిగిన రోజుకు సరిగ్గా 21 ఏళ్ల తర్వాత, 2011 మార్చి 10న, కట్ట మీది విగ్రహాలు నీళ్లలో పడ్డాయి. తారీఖు కలవడం కాకతాళీయం. జరిగింది మాత్రం కాకతాళీయం కాదు.

తెలంగాణ ఉద్యమం ఆ రోజు మిలియన్ మార్చ్‌కు పిలుపునిచ్చింది. చోటు ట్యాంక్‌బండ్. పోలీసులు దారులన్నీ మూశారు, ముందు రోజు నుంచే అరెస్టులు చేశారు. అయినా జనం ఎలాగోలా కట్ట మీదికి చేరారు. చేరాక కొందరు విగ్రహాల మీద పడ్డారు. శ్రీశ్రీ, జాషువా, అన్నమయ్య, క్షేత్రయ్య, ఇంకా చాలా మందివి కూలిపోయాయి. కొన్నింటిని చెరువులోకి తోశారు. తెలంగాణవాళ్లని అనుకున్నవారి విగ్రహాలను దాదాపుగా వదిలేశారు.

దీని మీద రాసిన రాతలకు లెక్క లేదు. ఒకవైపు 'కవులేం పాపం చేశారు' అన్న బాధ, మరోవైపు 'మా గుండెల మీద మీ విగ్రహాలేమిటి' అన్న కోపం. రెండింటిలోనూ నిజం ఉంది. రెండూ ఒకదాన్నొకటి వినలేదు. కూలగొట్టినవాళ్ల కళ్లకు అక్కడ కవులు కనపడలేదు. రోజూ సచివాలయానికి, అసెంబ్లీకి వెళ్లే దారి పొడుగునా తమను పక్కకు తోసి నిలబడ్డ ఒక వరుస కనపడింది. ఆ చూపులో జాషువా కూడా 'ఆంధ్రవాడు' అయిపోయాడు. జీవితమంతా అంటరానితనం భరించిన కవిని చెరువు నీళ్లలోకి తోస్తున్నామన్న స్పృహ ఆ వేడిలో ఎవరికీ లేదు. ఉద్యమానికి అది మచ్చే. అదే సమయంలో, జాషువాను ఆ వరుసలో నిలబెట్టినవాళ్లు కారంచేడు రోజుల్లో ఏం చేశారన్న ప్రశ్న కూడా అడగాల్సిందే. విగ్రహం పెట్టి గౌరవం తీర్చుకోవడం ఒక అలవాటు, విగ్రహం పడగొట్టి కోపం తీర్చుకోవడం మరో అలవాటు. రెండు చేతులకూ అందింది కంచు బొమ్మే, మనిషి కాదు.

మిగతా దేశం ఈ గొడవను భాష ఒక్కటైన మనుషుల మధ్య అర్థం కాని పేచీగా చూసింది. భాష ఒక్కటైనా చోటు ఒక్కటి కాదన్నది దాని అసలు సంగతి. పోతనను తీసుకోండి. ఆయన మావాడంటే మావాడని ఓరుగల్లు దగ్గరి బమ్మెర, కడప జిల్లా ఒంటిమిట్ట ఎంతో కాలంగా వాదించుకుంటున్నాయి. రాష్ట్రం విడిపోయాక భద్రాచలం తెలంగాణకు వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీరామనవమి పట్టువస్త్రాలు ఇవ్వడానికి తన వైపున ఒక రాముడు కావాలని ఒంటిమిట్టను ఎంచుకుంది. 2015 నుంచి అక్కడ అధికారిక కల్యాణం జరుగుతోంది. గుడి వందల ఏళ్లది. రాష్ట్ర గుడి అన్న హోదా మాత్రం నిన్న మొన్నటిది. భక్తులు దాన్ని ఇట్టే అలవాటు చేసుకున్నారు.

కూలిన విగ్రహాలను ప్రభుత్వం మళ్లీ పెట్టించింది. ఆ తర్వాత కొమురం భీమ్ కూడా కట్ట మీదికి వచ్చాడు. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. కొత్త ప్రభుత్వం పాత వరుసను కదిలించకుండా, చెరువు చుట్టూ తన వరుస మొదలుపెట్టింది. 2016లో సంజీవయ్య పార్కులో 291 అడుగుల జెండా స్తంభం. పాత సచివాలయాన్ని పడగొట్టి కట్టిన కొత్త భవనం 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైంది, దానికి అంబేద్కర్ పేరు. దానికి రెండు వారాల ముందు, ఏప్రిల్ 14న, పక్కనే 125 అడుగుల అంబేద్కర్. జూన్‌లో ఎదురుగా అమరుల స్మారకం. మూడు నెలల్లో చెరువు దక్షిణపు ఒడ్డు రూపురేఖలు మారిపోయాయి.

ఇక్కడ రెండు అంబేద్కర్ విగ్రహాలను పక్కపక్కన పెట్టి చూడాలి. లిబర్టీ దగ్గరి పాత విగ్రహానికి నిచ్చెన వేస్తే మెడ అందుతుంది. దండ వేయవచ్చు, కాగితం పెట్టవచ్చు, మెట్ల మీద కూర్చుని నినాదం ఇవ్వవచ్చు. కొత్త విగ్రహం పార్లమెంటు ఆకారంలో కట్టిన 50 అడుగుల పీఠం మీద ఉంది. కారులోంచి, ఫ్లైఓవర్ మీది నుంచి, చెరువు అవతలి నుంచి అద్భుతంగా కనిపిస్తుంది. చేతికి మాత్రం అందదు. గేటు, సెక్యూరిటీ, పార్కింగ్ ఉన్నాయి. పెద్ద విగ్రహం వచ్చాక కూడా వినతిపత్రాలు చిన్న విగ్రహానికే వెళ్తున్నాయి. ఎవరూ సమావేశం పెట్టి నిర్ణయించలేదు. చోటు వాడుకలోకి రావడం అంటే ఇలాంటిదే.

ప్రభుత్వం మారింది, ఖాళీ స్థలం మీద గొడవ మారలేదు. 2024 సెప్టెంబరు 16న సచివాలయం ఎదుట రాజీవ్ గాంధీ విగ్రహం ఆవిష్కరించారు. అది తెలంగాణ తల్లి కోసం అనుకున్న చోటు అని బీఆర్ఎస్ మండిపడింది. డిసెంబరు 9న సచివాలయం ఆవరణలోనే తెలంగాణ తల్లి విగ్రహం పెట్టారు. అప్పుడు గొడవ చోటు నుంచి రూపానికి మారింది. ఉద్యమకాలంలో వాడిన తల్లికి కిరీటం, చేతిలో బతుకమ్మ. కొత్త తల్లికి కిరీటం లేదు, బతుకమ్మ లేదు, ఆకుపచ్చ చీర, చేతిలో వరి, జొన్న, సజ్జ, మొక్కజొన్న కంకులు. ఒకరేమో దొరసాని రూపం తీసేసి శ్రమించే ఆడబిడ్డను పెట్టామన్నారు. మరొకరు తల్లి చేతిలోంచి పండుగను లాక్కున్నారన్నారు. తెలంగాణ తల్లి పురాణాల్లోంచి వచ్చిన దేవత కాదు, ఈ తరమే కళ్ల ముందు తయారు చేసుకున్న రూపం. తయారు చేస్తున్నప్పుడే పేచీ పడుతున్నాం కాబట్టి అతుకులు కనిపిస్తున్నాయి. పాతబడితే కనపడవు.

విగ్రహాల గోలలో పడి కట్టను నిజంగా నింపేది ఎవరో మరిచిపోకూడదు. అనంత చతుర్దశి నాడు ఈ చెరువు పూర్తిగా గణపతులది. 1954లో ఒక్క అడుగుతో మొదలైన ఖైరతాబాద్ గణపతి ఏటా అడుగు చొప్పున పెరిగి 2014కు 60 అడుగులయ్యాడు. 1980ల నుంచి నగరమంతటి ఊరేగింపులు ఒకే దారిలో కలిసి ఇక్కడికి చేరడం ఆనవాయితీ. లారీలు, క్రేన్లు, డీజే, గులాల్, రాత్రంతా నిమజ్జనం. ఊళ్లో వినాయకుడిని దగ్గర్లో నీళ్లు ఎక్కడుంటే అక్కడ వదులుతారు. నగరంలో ఒకే చెరువుకు రావాలన్న పట్టుదలలో భక్తి ఎంతో, నగరం నడిబొడ్డున కనపడాలన్న కోరిక కూడా అంతే. 2021 సెప్టెంబరులో హైకోర్టు ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విగ్రహాలను ఇందులో కలపవద్దంది. వారం తిరిగేసరికి సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికి ఒప్పుకుంది. ఆ వాదనల్లో ఒకరికి ఇది కాలుష్యం నిండిన నీటి వనరు, మరొకరికి గంగమ్మ ఒడి. ఒకే నీళ్లు.

ఆశ్వయుజంలో సద్దుల బతుకమ్మ రోజు మళ్లీ కథ వేరు. రాష్ట్రం వచ్చాక అది ట్యాంక్‌బండ్ మీద ప్రభుత్వ పండుగైంది. లైట్లు, స్టేజీ, వీఐపీల కుర్చీలు. పల్లెలో బతుకమ్మను చెరువులో వదిలే ఆడవాళ్లకు స్టేజీ అక్కర్లేదు, మలీద ముద్ద పంచుకుంటే చాలు. కానీ ట్యాంక్‌బండ్ మీద బతుకమ్మ ఆడడం అంటే 'ఈ రాజధాని మాది' అని పూలతో చెప్పడం. 2011లో సమ్మెటతో చెప్పిన మాటే ఇది, గొంతు మారింది.

చెప్పడానికి చోటు లేకుండా చేయడం కూడా ఈ కథలో భాగమే. కట్ట దిగితే ఇందిరా పార్కు, దాని పక్కన ధర్నా చౌక్. సచివాలయానికి మరీ దగ్గర కాకుండా, మరీ దూరం కాకుండా, ఎండలో ఒక టెంటు, నాలుగు కుర్చీలు, ఒక మైకు. ట్రాఫిక్, చుట్టుపక్కల వాళ్ల ఇబ్బంది అన్న కారణాలతో 2017లో ధర్నాలను శివార్లకు తరలించాలని ప్రభుత్వం చూసింది. ఉద్యమంతో గద్దెనెక్కినవాళ్లే ఉద్యమాల చోటు తీసేయడం చాలా మందికి మింగుడు పడలేదు. ఆ ఏడాది మే నెలలో అక్కడ లాఠీలు విరిగాయి, 2018లో హైకోర్టు జోక్యంతో మళ్లీ ధర్నాలు మొదలయ్యాయి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ధర్నా చౌక్ ప్రజాస్వామ్యం, అధికారంలోకి వచ్చాక ట్రాఫిక్ సమస్య. పార్టీ ఏదైనా ఈ అనువాదం మాత్రం తప్పు పోవడం లేదు.

పేర్ల సంగతి మళ్లీ చెప్పుకోవాలి, ఎందుకంటే ఇబ్రహీం కులీ కథ ఇంకా ఆగలేదు. చెరువు పడమటి ఒడ్డున 1990ల్లో నెక్లెస్ రోడ్ వచ్చింది. 2004 డిసెంబరులో పీవీ నరసింహారావు అంత్యక్రియలు ఆ ఒడ్డునే జరిగాయి. ఆయన శతజయంతి సందర్భంగా 2021లో టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్) ప్రభుత్వం ఆ రోడ్డుకు పీవీ మార్గ్ అని పేరు పెట్టింది. కాంగ్రెస్ ప్రధానిని తెలంగాణ బిడ్డగా సొంతం చేసుకోవడం అందులోని రాజకీయం. బోర్డులు మారాయి. ఆటో ఎక్కి పీవీ మార్గ్ అని చెప్పి చూడండి. డ్రైవర్ ఒక్క క్షణం ఆలోచించి 'నెక్లెస్ రోడ్డేనా అన్నా?' అంటాడు. లుంబినీ పార్కుకు అంజయ్య పేరు కలిపినా అంతే. పెద్దవాళ్ల మీద గౌరవం లేక కాదు, నాలుకకు అలవాటైన పేరును ప్రభుత్వ ఉత్తర్వు కదిలించలేదు.

ఇన్ని పేర్ల కింద, ఇన్ని పాదపీఠాల కింద ఉన్న నేల ఎవరిదన్న ప్రశ్న చివరికి రెవెన్యూ రికార్డు దగ్గర తేలుతుంది. నెక్లెస్ రోడ్డు, పార్కులు చాలావరకు చెరువు అంచును పూడ్చగా వచ్చిన నేల మీదే ఉన్నాయి. పాతకాలపు శిఖం అన్న మాట స్థానంలో ఇప్పుడు ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అనే మాటలు వచ్చాయి. మొదటిది చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు, రెండోది దాని చుట్టూ కట్టడాలు కూడని పట్టీ. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించడానికి ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి చెరువుల్లోని కట్టడాలు కూల్చడం మొదలుపెట్టాక ఎఫ్‌టీఎల్ అన్న మాట తెలియని ఇల్లు నగరంలో లేదు. ఫ్లాట్ కొనేవాళ్లు వాస్తు కన్నా ముందు అదే అడుగుతున్నారు. మ్యాపు మీద ఒక గీత. అటు గీస్తే చెరువు, ఇటు గీస్తే వెంచర్. పేదవాడి గుడిసెకు ఆ గీత ఒక రాత్రిలో దొరుకుతుందని, పెద్దవాడి బిల్డింగుకు స్టే ఆర్డర్ తర్వాత గానీ దొరకదని జనం అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ప్రభుత్వం స్వయంగా చెరువు ఒడ్డున కట్టుకున్నవాటిని ఈ గీతతో కొలుస్తారా అన్నది అందరూ అడుగుతున్నదే.

హుస్సేన్ సాగర్ ఎఫ్‌టీఎల్ 513.41 మీటర్లు. 2000 ఆగస్టులో, 2020 అక్టోబరులో కుండపోత కురిసినప్పుడు కూకట్‌పల్లి నాలా, బంజారా నాలా ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. అలాంటి రాత్రుల్లో టీవీల కింద స్క్రోలింగ్‌లో ఆ అంకె పరుగెడుతుంది. కట్ట కింద బస్తీల్లో మంచాలు, బియ్యం బస్తాలు అటకెక్కుతాయి. తూముల దగ్గర ఇంజనీర్లు టార్చిలైట్లు పట్టుకుని నిలబడి ఉంటారు. నాలా నీళ్లు మెట్లెక్కితే లోయర్ ట్యాంక్‌బండ్‌లో ముసలివాళ్లు మైసమ్మ గుడి వైపు తిరిగి ఒక దండం పెట్టి, పిల్లలను లేపి పై అంతస్తుకు పంపిస్తారు.